నా దండెం మీద పరాయి పంచెలు

ఉరుకుంద జాతరకు వచ్చే భక్తులకు నా ముందరి గది అద్దెకిస్తాను. పంచాయతీ లైసెన్సు ఉంది. ఎనిమిది మందిని మించి ఉంచితే అది పోతుంది. నిన్న ఎనిమిది మంది మగవాళ్లు దిగారు, అంతే.

ఈ రోజు తనిఖీకి వచ్చిన పంచాయతీ ఆయన గదిలోకి తొంగి కూడా చూడలేదు. స్నానం చేయని భక్తుడు ఉండడు కదా, పెరట్లో దండెం మీది తడి పంచెలు లెక్కపెట్టాడు. పద్నాలుగు.

"ఏమప్పా పెద్దాయనా, మిగిలినోళ్లను యాడ దాసినావు?"

గోడ అవతల పక్కింటి రంగమ్మ తల లేచి దిగింది. ఆమెకు లైసెన్సు లేదు.

"అవి ఆరేదాకా ఈడే కూసో సారూ" అని మాత్రం అన్నాను.

ఎండకు పంచెలు తొందరగానే ఆరాయి. రంగమ్మ ఇంట్లోనుంచి ఆరుగురు వచ్చి తమ పంచెలు తీసుకున్నారు. వెనకే రంగమ్మ పరుగెత్తుకొచ్చింది.

"మా సుట్టాలు సారూ! మా దండెం తెగిపాయ, అందుకే ఈడ ఆరేసినారు."

"సుట్టాలా? అయితే ఈయమ్మ పేరేమప్పా?" అని ఆయన వాళ్లనడిగాడు.

ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నా లైసెన్సు నిలిచింది. రంగమ్మను రేపు పంచాయతీకి రమ్మన్నారు.

సాయంత్రం ఆమె ఆకులో పూర్ణం నింపిన రెండు వేడి ఓళిగలు పంపింది, పైన నెయ్యి కూడా వేసి. ఇన్నేళ్లుగా పక్కింట్లో ఉన్నా ఒక్కనాడూ ఏదీ పంపలేదు. నేనింకా ముట్టుకోలేదు. మీరైతే తింటారా?