ఇత్తడి గుండీల కోటు

మడతమ్మ పోయాక కూడా వీధి మొగలో ఉన్న ఆ ఇస్త్రీ షాపుని అందరూ మడతమ్మ షాపనే అంటున్నారు. ఆవిడని తీసుకుపోయింది ముసలితనమే. ఎప్పుడో వచ్చిన క్యాన్సరు ఆవిడని ఏమీ చేయలేకపోయింది.

చొక్కా ఆవిడ చేతిలో పడిందంటే కాలరు కత్తిలా నిలబడాల్సిందే. పెట్టె వేడి చూడటానికి నీళ్ళ గిన్నెలో వేలు ముంచి, పెట్టె అడుగున తాకీ తాకనట్టు తగిలించేది. చుయ్‌మన్న చప్పుడుని పట్టించుకునేది కాదు. వేలికి తగిలిన చురుకుని బట్టే ఇది నూలుకి, ఇది పట్టుకి అని తేల్చేసేది.

పక్క బల్ల దగ్గర కోడలు. కోట్లకుండే ఇత్తడి గుండీలు పెట్టె కింద కాగి ఉంటాయని మరిచిపోయి, పట్టుకుని "అబ్బా!" అని అరిచేది.

"మహారాణిగారి వేళ్ళు! గుండీ తగిలితేనే కందిపోతాయి," అని దెప్పేది అత్త.

రొమ్ములో గడ్డ తీసేశాక కీమో మొదలైంది. నోరంతా పూసింది. మంచినీళ్ళు కూడా తుప్పు రుచి వేసేవి. ఇన్నాళ్ళూ ఇష్టంగా పీల్చిన గంజి ఆవిరికి కడుపులో దేవడంతో, గంజి బట్టలన్నీ కోడలి బల్ల మీదకి మారాయి. జుట్టు రాలిపోయిన రోజు కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, మడతమ్మ అద్దంలో తల నిమురుకుని, "ఏడుస్తావేమే? ఎంత బాగా ఇస్త్రీ అయిందో చూడు, ఒక్క ముడత లేదు," అంది.

ఇవన్నీ డాక్టరమ్మకి చెప్పుకుంది. వాంతికి మాత్రలూ, నోటికి పుక్కిలించే మందూ రాసిచ్చాక కాస్త తెరిపిన పడింది. చెప్పనిది ఒక్కటే. వేళ్ళు మొద్దుబారుతున్నాయి. మొదట చీమలు పాకినట్టుండేది, తర్వాత అదీ తెలియడం మానేసింది. చెబితే మందు ఆపేస్తారనీ, ఆపితే గడ్డ మళ్ళీ లేస్తుందనీ ఆవిడ భయం. "ఇంకేమైనా ఇబ్బందా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగినప్పుడల్లా చేతులు ఒళ్ళో ముడుచుకుని, "అబ్బే, ఏమీ లేదు," అనేది.

ఒకరోజు తెల్ల చొక్కా మీద పెట్టె నడుపుతుంటే మాడువాసన వచ్చింది. చటుక్కున పెట్టె ఎత్తింది. కాలరు చూసింది, చొక్కా తిరగేసి చూసింది. ఎక్కడా మచ్చ లేదు.

"ఏమే, నీ బట్ట మాడుతున్నట్టుంది, చూసుకో!"

కోడలు తలెత్తి, ఒక్క అంగలో వచ్చి పడింది. "బట్ట కాదత్తయ్యా, మీ వేలు!"

కాలరుని అదిమి పట్టుకున్న ఎడమచేతి చూపుడు వేలు కమిలిపోయి ఉంది. మడతమ్మ దాన్ని పరాయివాళ్ళ వేలిని చూసినట్టు చూసింది.

కుళాయి కింద చెయ్యి పట్టి ఉంచి కోడలు అడిగింది. "ఎప్పట్నుంచి ఇలా?"

"అరవకే. చెబితే మందు ఆపేస్తారు. వేళ్ళ కోసం ప్రాణం వదులుకోమంటావా?"

"చెప్పకుండా మీరు ఏం బావుకున్నారు? ఈసారి నేనే చెప్తాను. నడవండి."

డాక్టరమ్మ కట్టు కట్టించి, గట్టిగానే కోప్పడింది. "ఈ పుండుకి చీము పడితే అప్పుడు నిజంగానే మందు ఆపాల్సొచ్చేది. వేళ్ళ మాట చెప్పుంటే మోతాదు తగ్గించేదాన్ని, అంతే."

"తగ్గిస్తే పనిచేస్తుందా?"

"చేస్తుందమ్మా."

"మరి వేళ్ళు?"

"చాలామందికి మెల్లగా స్పర్శ తిరిగొస్తుంది. కొందరికి కాస్త మొద్దుతనం మిగిలిపోతుంది. చూద్దాం."

బయట బెంచీ మీద కూర్చుని మడతమ్మ పొడుగ్గా ఊపిరి వదిలింది. గుండెల మీది బండ దిగినట్టుంది. "ఆకలేస్తోందే," అంది. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో! కోడలు లేచి వెళ్ళి రొట్టె కొనుక్కొచ్చింది.

ఆనాటి నుంచి అత్త పెట్టె ముట్టకూడదని కోడలి శాసనం. మడతలు పెట్టడమే ఆవిడ పని. చికిత్స ముగిసింది. తల మీద జుట్టు కోడిపిల్ల బొచ్చులా లేచింది. వేళ్ళు మాత్రం ఉలకలేదు, పలకలేదు. మడతమ్మ వాటి ఊసెత్తడం మానేసింది.

ఒక మధ్యాహ్నం కోడలు ఓ కోటు ఇస్త్రీ చేసి అత్త ముందుకి తోసింది. మడతమ్మ ఏదో కబురు చెబుతూనే దాన్ని మడవబోయి, గుండీ పట్టుకుంది.

"అబ్బా!"

కోడలు పెట్టె నిలబెట్టి పరుగెత్తుకొచ్చింది. అత్త వేలు ఊదుకుంటూ పగలబడి నవ్వుతోంది. ఊదుకోవడం ఆపి రెండో గుండీ పట్టుకుంది.

"అబ్బా! ఇదీ కాలిందే!"

"ఇక చాల్లెండి మహారాణిగారూ," అని కోడలు కోటు లాక్కుని, దాంతోనే కళ్ళు తుడుచుకుంది. "కందిపోతాయి."

"నలిపేశావు కదే!" అని మడతమ్మ కోటు తిరిగి లాక్కుని, నీళ్ళ గిన్నె కోసం చెయ్యి చాపింది. "ఇటివ్వు ఆ పెట్టె."