తూము దాకా తోడు

మా అమ్మాయి పొద్దున్నే నెల్లూరు బస్సుకు పోయేటప్పుడు టిఫిను డబ్బా, గొడుగు, ఫోను ఛార్జరుతో పాటు నా సైకిలు తాళంచెవిని కూడా హ్యాండుబ్యాగులో వేసుకుని పోతోంది. వరండాలో సైకిలు ఉంది, కాళ్లలో ఇంకా సత్తువ ఉంది, గేటు దాటితే విడవలూరు నుంచి సముద్రానికి పోయే రోడ్డు ఉంది, తాళంచెవి మాత్రం నెల్లూరులో ఏదో ఆఫీసు బల్ల కింద ఉంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, మా ఇంట్లో అది తిరగబడింది, ఇక్కడ పెట్టనిది కూతురు. నా వయసు వాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పాల్సిన పనిలేదనుకుంటాను. మీలో చాలామంది దగ్గర స్కూటరు తాళమో, మేడమెట్ల తలుపు గడియో ఈపాటికి ఎవరో ఒకరు ప్రేమగా లాగేసుకునే ఉంటారు.

జరిగింది చూస్తే పెద్ద ప్రమాదమేమీ కాదు. రొయ్యల లారీ ఒకటి వెనకనుంచి చెవులు చిల్లులు పడేట్టు హారను కొడితే పక్కకు తీశాను, ముందు చక్రం మట్టిలో జారింది, కాలవ గట్టు మీద కూలబడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది, చీర అంచు చిరిగింది, అంతే. నేను లేచి దుమ్ము దులుపుకుని ఇల్లు చేరేలోపలే, నన్ను ఆస్పత్రికి తీసుకుపోతున్నారన్న కబురు నెల్లూరు దాకా పోయింది. మా అమ్మాయి సెలవు పెట్టి, ఆటోలో ఏడుస్తూ వచ్చి, వరండాలో కాఫీ తాగుతున్న నన్ను చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు చూసి కరిగిపోయి, నువ్వెట్లా చెబితే అట్లానే లేమ్మా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందో లేదో తాళంచెవి మాయమైంది.

శనివారాల్లో నెల్లూరు నుంచి ఒక సైక్లింగు క్లబ్బు వాళ్లు మా ఊరి మీదుగా సముద్రం దాకా పోయి వస్తుంటారు. తలలకు హెల్మెట్లు, ఒంటికి అతుక్కుపోయిన రంగురంగుల చొక్కాలు, కళ్లకు నల్లద్దాలు, వాళ్లు సెంటర్లో టీ కొట్టు దగ్గర ఆగారంటే పెళ్లివారు దిగినట్టుంటుంది. మా అమ్మాయి ఆఫీసులో పనిచేసే ఒకామె కూడా అందులో ఉంది. ఇంకేం, తీర్పు వచ్చేసింది.

"క్లబ్బుతో పోతానంటే ఈరోజే నీ పేరు రాపిస్తా మా. ఒక్కదానివే పోయేది మాత్రం ఇంక కుదరదు. నువ్వు యాడ పడిపోయినావో అని ఆఫీసులో కూర్చోని నేను చస్తా వుండా."

శనివారం లోపల చెప్పాలి. చెప్పకపోతే సైకిలు పాత సామాన్లవాడికి పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ వారం నాకు బాగా తెలిసింది. ఎందుకంటే నాకు సైకిలు తొక్కడమంటే సగం ఆగడమే. మా ఆయన పోయిన తర్వాత, ఉద్యోగం కూడా అయిపోయిన తర్వాత, పొద్దున్నే ఒక్కదాన్నే బయలుదేరి, కాలవలో కొంగ నిలబడి ఉంటే ఆగి, ఎండుచేపల గంప దించుకుని కూర్చున్న ఆడమనిషి కనబడితే ఆగి, ఏమీ కనబడకపోయినా ఊరికే ఆగి, ఎవరికీ జవాబు చెప్పుకోకుండా ఇంటికి రావడమే నాకు మిగిలిన సుఖం. క్లబ్బులో ఆగడానికి కూడా ఈల వేస్తారట. ఈల వేస్తే ఆగాలి, ఈల వేస్తే కదలాలి. ఈ వయసులో నాకు మళ్లీ డ్రిల్లు పీరియడా అని ఒళ్లు మండింది.

అసలు సంగతేమిటంటే, ఈ షరతు నా జీవితంలో మొదటిసారి కాదు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పల్లెలో బడికి వేశారు. పెళ్లికాని పిల్లను అంత దూరం సైకిలు మీద ఒంటరిగా పంపేది లేదని మా అమ్మ భీష్మించుకు కూర్చుంది. అప్పుడు మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు స్వయానా అక్క, నేను తీసుకుపోతాను లేవే అని ముందుకొచ్చింది. పెద్దమ్మ మా ఊరి చివర బడిలో హెడ్మిస్ట్రెస్సు, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద, ఆమె నడిచి వస్తుంటే వీధిలో కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవని మేము చాటుగా నవ్వుకునేవాళ్లం. పెద్దమ్మతో పోతేనే ఉద్యోగం, లేకపోతే ఇంట్లో కూర్చో అని మా అమ్మ చెప్పేసింది.

మాతో ఇంకొక టీచరు, వరసకు నాకు అక్క, వచ్చేది. ఊరికీ సముద్రానికీ మధ్యలో కాలవ మీద ఒక తూము ఉంది. అక్కడ తారు రోడ్డు ఉత్తరానికి తిరిగిపోతుంది, కట్ట మీది మట్టిదారి నేరుగా తూర్పుకు, సముద్రానికి పోతుంది. అక్క బడి ఆ తూము పక్కనే. నా బడి ఆ మట్టిదారి చివర. తెల్లవారుతూనే ముగ్గురం మా పెద్దమ్మ గుమ్మం ముందు నిలబడితే ఆమె ప్రార్థన చేసేది. ఊళ్లో అందరి పేర్లూ వచ్చే ఆ ప్రార్థన అయ్యేసరికి టైర్లలో గాలి దిగిపోతుందేమోనని భయం వేసేది. తర్వాత వరస. ముందు పెద్దమ్మ, మధ్యన అక్క, చివర నేను. ఆమెను దాటకూడదు, వెనకపడకూడదు.

వెనక్కి తిరిగి చూస్తే సైకిలు పక్కకు లాగుతుందని పెద్దమ్మ ఎప్పుడూ తిరిగి చూసేది కాదు. దానికి బదులు కీర్తన పాడించేది. చరణం ఆమె ఎత్తుకుంటుంది, పల్లవి మేమిద్దరం అందుకోవాలి. నా గొంతు వినబడితే నేను ఉన్నట్టు, వినబడకపోతే లేనట్టు. ఒకసారి జామకాయ కొరుకుతూ పల్లవి ఎగ్గొట్టాను. పెద్దమ్మ ఉన్నపళంగా బ్రేకు వేసింది, అక్క పోయి ఆమెకు గుద్దుకుంది, నేను పోయి అక్కకు గుద్దుకున్నాను, టిఫిను డబ్బాలు మూడూ రోడ్డున పడ్డాయి. "నోట్లో ఏముందే?" అని అడిగింది పెద్దమ్మ, తల తిప్పకుండానే.

తూము దగ్గర అక్క తన బడికి పోయేది, పెద్దమ్మ వెనక్కి తిరిగి ఊరి చివర తన బడికి పోయేది. కట్ట మీద మిగిలిన దారి నాదే. అదే నాకు దొరికే ఒంటరి ప్రయాణమనుకుని మొదటిరోజు పొంగిపోయాను. కానీ మా తీరంలో గాలి సంగతి మీకు తెలుసు కదా. పొద్దున పడమటి గాలి నేల మీదనుంచి సముద్రానికి పోతుంది, మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి ఊళ్ల మీదికి మళ్లుతుంది. నేను తూర్పుకు తొక్కుతుంటే, వెనక్కి తిరిగిన పెద్దమ్మ పాట ఆ పడమటి గాలి మీద నా వీపు వెంబడే వచ్చేది. మాటలు తెలిసేవి కావు, రాగం మాత్రం సన్నగా, వదలకుండా వచ్చేది. ఇదేం కాపలారా దేవుడా, మనిషి వెళ్లిపోయినా గొంతు పోదేమిటి అని కసిగా తొక్కేదాన్ని. సరుగుడు చెట్లను మేం సరివి అంటాం, ఆ సరివి తోపు దాటాకగానీ ఆ రాగం వినబడకుండా పోయేది కాదు, ఆ తోపు దాటితే బడే వచ్చేసేది.

సాయంత్రం ఇంకా ఘోరం. బడి వదిలాక పడవలు ఒడ్డుకు వస్తుంటే, ఆ పల్లె ఆడవాళ్లు మోకాళ్ల దాకా నీళ్లలో దిగి వలల దగ్గర పోట్లాడుకుంటుంటే, కాసేపు ఇసకలో కూర్చుని చూడాలని ప్రాణం కొట్టుకునేది. కూర్చోవడానికి లేదు. సముద్రపు గాలి మీద నా పాట తూము దాకా పోవాలి, అక్కడ గోడ మీద కూర్చుని పెద్దమ్మ చెవి పెట్టి వింటుంటుంది, ఆలస్యమైతే ఆ మాట మా అమ్మకు చేరుతుంది, అమ్మ బడి మాన్పిస్తుంది. అట్లా సముద్రం పక్కనే అన్నేళ్లు పనిచేసి, నేను సముద్రాన్ని తీరిగ్గా చూసిన సాయంత్రం ఒక్కటి లేదంటే నమ్ముతారా? పెళ్లయి, బదిలీ అయి, ఆ దారి వదిలిపెట్టిన నాడు పెద్దమ్మ నా తల మీద చెయ్యి వేసి ఏడ్చింది. నాకు మాత్రం లోపల సంతోషంగా ఉండింది. ఆమె పోయి చాలా కాలమైంది. నా మనసులో ఆమె ఎప్పుడూ తాళంచెవి పట్టుకున్న మనిషే.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఆ అక్క కనబడింది. చేతికర్ర వచ్చింది గానీ నోరు అట్లానే ఉంది. నా గోడంతా వెళ్లబోసుకున్నాను. అప్పుడు పెద్దమ్మ, ఇప్పుడు కూతురు, నా బతుకంతా ఎవరో ఒకరి వెనక చక్రం అయిపోయిందక్కా అన్నాను. అక్క నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

"మీ పెద్దమ్మ నీకు కాపలా కాసిందనుకున్నావా? నీ మొహం. ఆమె బడి ఊరి చివరే గదా, తూము దాకా ఎందుకు వచ్చేదో ఎప్పుడన్నా ఆలోచించినావా? ఈ పిల్లను నేను తీసుకుపోతాలే, నా బడి తూము కాడనే గదా అని నేనే చెప్పినా. ఏమనిందో తెలుసా? నోరు మూసుకోవే, ఆ పిల్ల నెపం పెట్టుకోని కాసేపు నా దారిన నేను పోతా వుండా, అది కూడా లాక్కుంటావా అనింది."

పెద్దమ్మ ఇల్లు నాకు తెలుసు. మంచాన పడిన అత్త, నోరు లేచిన మామ, ఉమ్మడి కాపురంలో బావగారు, తోడికోడళ్లు, వాళ్ల పిల్లలు. పొయ్యి ఆరేది కాదు, ఆమె ఒంటరిగా గుమ్మం దాటితే ఎక్కడికని అడగనివాళ్లు లేరు. పెళ్లికాని పిల్లను దిగబెట్టి వస్తానంటే మాత్రం ఎవరూ కాదనలేరు. ఇంకా విను అని అక్క చెప్పింది. తిరుగుదారిలో ఆమె పాడేది కీర్తన కాదట. కీర్తన రాగంలో, ఇంట్లో వాళ్లందరినీ పేరుపేరునా తిడుతూ సొంతంగా కట్టుకున్న పాటట. అత్తకు ఒక చరణం, మామకు ఒక చరణం, బావగారికి రెండు. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి పాట ఆపి, కొంగు సర్దుకుని, హెడ్మిస్ట్రెస్సు అయిపోయేదట.

మెట్ల మీద అట్లానే కూర్చుండిపోయి నవ్వాను, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. ఏ గొంతు నన్ను తరుముకొస్తోందని పారిపోయానో, ఆ గొంతు నన్ను పట్టించుకోనేలేదు. నేను గాలిలో విన్నది ఒక ఆడమనిషి తన దారిన తాను పోవడం. ఆ సంగతి తెలిసి ఉంటే అంత వేగంగా తొక్కేదాన్ని కాదు, ఆ తోపు ఇవతలే సైకిలు దిగి వినేదాన్ని.

ఆ రాత్రి భోజనాల దగ్గర, క్లబ్బులో పేరు రాయించెయ్ అని మా అమ్మాయితో చెప్పాను. అది నమ్మలేక నా నుదురు పట్టి చూసింది, జ్వరమేమోనని.

శనివారం తాళంచెవి నా చేతికొచ్చింది. దాంతోపాటు హెల్మెట్టు, మెడలో వేలాడే ఈల, క్లబ్బు వాళ్లందరితో పాటు నేనెక్కడున్నానో మ్యాపు మీద చుక్కలుగా ఎప్పటికప్పుడు అమ్మాయికి చూపించేట్టు చేసిన ఫోను కూడా వచ్చాయి. క్లబ్బు వాళ్లు మర్యాదస్తులే, మా అమ్మాయి కంటే పెద్దవాళ్లు కూడా ఆంటీ ఆంటీ అని పలకరించారు. అందరూ రివ్వున ముందుకు పోయారు. వెనకపడినవాళ్ల వెంట ఒకరుండాలన్నది వాళ్ల నియమమట, నా వెనక మా అమ్మాయి ఆఫీసామెను పెట్టారు. ఒకప్పుడు నేనున్న చివరి చోటు ఇప్పుడు ఆమెది. తూము దగ్గరికి రాగానే సైకిలు దిగి ఆ పాత గోడ మీద కూర్చున్నాను. నాకు ఆయాసంగా ఉందమ్మా, కట్ట మీద మెల్లగా వస్తాను, నువ్వు సముద్రం దాకా పోయి రా అన్నాను. అట్లా వదిలిపెట్టకూడదు ఆంటీ అంటూనే ఆమె కట్ట వైపు చూసింది. ఇద్దరు పిల్లలు, అత్తమామలు ఉన్న ఇల్లు ఆమెది. ఎవరికీ చెప్పనులే అన్నాను. పోయిన వేగం చూస్తే నాకంటే ఆమెకే తొందర ఎక్కువున్నట్టుంది.

ఎన్నాళ్లకో ఆ కట్ట మీద నేనొక్కదాన్నే. మట్టిదారి సిమెంటు రోడ్డయింది, పొలాలుండే చోట రొయ్యల గుంటలొచ్చాయి, సరివి తోపులో సగం లేదు, పడమటి గాలి మాత్రం వీపు మీద చెయ్యి వేసి అట్లానే నెడుతోంది. పెడలు మీద కాలు పెట్టానో లేదో ఫోను మోగింది.

"ఏందిమా, అందరి చుక్కలూ సముద్రం దిక్కు పోతా వుండాయి, నీ చుక్క ఒక్కటే తూము కాడ ఆగిపోయింది?"

టైరులో గాలి పోయింది, కొట్టించుకుంటున్నాను అని చెప్పాను. ఆ కట్ట మీద గాలి కొట్టేవాడెవడో దేవుడికే తెలియాలి.

పెద్దమ్మ రోజుల్లో కాపలా గొంతు వినబడినంత దూరమే ఉండేది. తోపు దాటితే మనిషి కనబడేది కాదు, వినబడేది కాదు, ఆ కాస్త చోటు ఎవరిదీ కాదు. ఇప్పుడు మిగిలిన ఆ సగం తోపు దాటినా లాభం లేదు, ఎంత దూరం పోయినా నేను మా అమ్మాయి అరచేతిలో చుక్కనై ఉంటాను. అది ప్రేమేనని నాకు తెలుసు. పెద్దమ్మ ఇంట్లో వాళ్లది కూడా ప్రేమే అనేవాళ్లు.

ఫోను సంచిలో అడుక్కు తోసి, కీర్తన రాగం ఎత్తుకుని, మొదటి చరణం మా అమ్మాయి మీద కట్టాను. రెండోది క్లబ్బు మీద. గాలి ఆ పాటను తీసుకుని ముందుకు, సముద్రం వైపు పోయింది. కట్ట మీద దూరంగా ఆ ఆఫీసామె ఒక్కతే పోతూ కనబడింది. ఆగి వింటుందేమోనని చూశాను. చెవుల్లో ఏవో పెట్టుకున్నట్టుంది, తల తిప్పలేదు.