మస్కట్‌కి మూడు గంటలు

మస్కట్ ఎంత దూరమో నాకు ఇరవై నాలుగో ఏట తెలిసింది. అంతకుముందు తెలుసనే అనుకున్నాను.

నాన్నగారు అక్కడ డ్రైవరు. మేం ఐనవిల్లి దగ్గర పల్లెటూళ్ళో ఉండేవాళ్ళం. పెద్ద తుఫానుకి కొబ్బరితోటలు పడిపోయిన రెండేళ్ళకి అమ్మకి పచ్చకామెర్లు ముదిరితే అమలాపురం ఆసుపత్రిలో చేర్చాం. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. నాన్నగారు మా వీధి చివర షావుకారుగారింటికి ఫోన్ చేసేవారు. మాకు ఫోన్ లేదు, మా పీపీ నంబరు అదే. డాక్టరుగారు మిమ్మల్ని వెంటనే రమ్మంటున్నారని ఆయనకి నేనే చెప్పాను.

"విమానంలోనే రెండ్రోజులు పట్టేస్తాదమ్మా. బయల్దేరేనని అమ్మకి చెప్పు," అన్నారు.

చెప్పాను. అమ్మ మొహం తేటపడింది. నా చేత తల దువ్వించుకుంది. ఇంట్లో ఉన్న బండారులంక నేత చీర తెప్పించి తలగడ పక్కన పెట్టుకుంది. "ఈపాటికి ఎందాకా వచ్చుంటారే?" అని ఊరికే అడిగేది. నేను సోషల్ పుస్తకంలో పటం తీసి మంచం మీద పెట్టి, వేలితో చూపించేదాన్ని. ఆ పటంలో సముద్రం నా అరచెయ్యంత కూడా లేదు. దాన్ని దాటించడానికి ఒక పగలూ ఒక రాత్రీ తీసుకున్నాను. మధ్యలో విమానం దిగి ఎక్కాలేమోనని కాసేపు వేలు ఆపేదాన్ని కూడా. తెలివైనదాన్ని మరి!

రెండో రోజు సాయంత్రం, "బొంబాయి వచ్చేసేరమ్మా," అన్నాను.

"ఇంకెంతలే, వచ్చేసినట్టే," అంది. తెల్లవారేలోపే పోయింది.

నాన్నగారు రాలేదు. విమానం చెడిపోయి దారిలోంచి వెనక్కి తిప్పేశారని కబురు చేశారు. ఆయన్ని తప్పుపట్టిన చుట్టాలందరితోనూ నేను దెబ్బలాడాను.

పదేళ్ళకి, మస్కట్‌లోనే పనిచేస్తున్న అతనితో నా పెళ్ళయింది. హైదరాబాద్ బస్సులో నడుం విరిగింది. ఇంకా రెండ్రోజుల ప్రయాణం ఉందని పులిహోర మూట కట్టుకుని మరీ విమానం ఎక్కాను. ఊళ్ళో ఎవర్నీ అడగలేదు. కన్నతండ్రి చెప్పిన మాటని ఇంకొకరిని అడిగి సరిచూసుకుంటామా?

వాళ్ళు పెట్టిన టిఫిను తిని ఓ కునుకు తీశానో లేదో, బెల్టు పెట్టుకోమన్నారు. పక్క సీట్లో రాజోలు ఆయన.

"మధ్యలో ఆగుతోందా అండీ?" అన్నాను.

"మస్కట్ వచ్చేసేమండీ. మూడు గంటలేగా!"

"ఇదివరకు ఎక్కువ పట్టేదేమో?"

"లేదండీ. పన్నెండేళ్ళుగా తిరుగుతున్నాను, ఎప్పుడూ ఇంతేనండి."

పిచ్చిదాన్ని చేశారు నన్ను.

మా ఆయనకి డ్యూటీ ఉండటంతో నన్ను తీసుకెళ్ళడానికి నాన్నగారు వచ్చారు. "అలిసిపోయేవా అమ్మా?" అని అడిగారు.

"మూడు గంటలకేం అలుపండీ? అప్పుడు మీరసలు బయల్దేరేరా?"

ఆయన నా మొహం చూడలేదు. "లేదమ్మా. మీ అమ్మని అలా చూసే ధైర్యం లేకపోయింది."

పిరికితనమైతే ఎలాగో సరిపెట్టుకునేదాన్ని. కడుపు మండింది వేరే దానికి. "నానమ్మ ఉంది, మావయ్య ఉన్నాడు. ఆ అబద్ధం నా చేతే ఎందుకు చెప్పించేరు?"

ఆయన నా చేతిలో పులిహోర మూట అందుకున్నారు.

"నువ్వు చెబితే నమ్ముతాదనమ్మా," అన్నారు.