బైండరక్క నవ్వు

బైండింగు షాపులో ఆవిణ్ణి అందరూ బైండరక్క అనేవారు. రిజిస్టర్లు కుట్టడంలో అందె వేసిన చెయ్యి. కాకపోతే సూదిలో దారం ఎక్కిస్తూ ఎక్కిస్తూనే పట్టపగలు నిద్రలోకి జారిపోయేది. అదొక ఎత్తు. పగలబడి నవ్విందంటే మోకాళ్ళు పట్టు తప్పి, స్పృహలో ఉండగానే కుప్పకూలిపోవడం ఇంకో ఎత్తు.

నాలుగేళ్ళ కిందట కటింగు మేస్త్రి ఏదో హాస్యమాడాడు. ఆవిడ నవ్వుతూనే కూలి, బల్ల అంచు తగిలి నుదురు చిట్లింది. మేస్త్రి ఆ రోజే లెంపలేసుకున్నాడు. అది మొదలు, ఆవిడ అడుగు పెడితే చాలు, షాపులో నవ్వులు టక్కున ఆగిపోయేవి. భోజనాల వేళ ఆవిడే డబ్బా పట్టుకుని కాయితం కట్టల వెనక్కి వెళ్ళిపోయేది. అప్పుడు ఇవతల నవ్వులు మొదలయ్యేవి. మంచితనంతోనే మనిషిని ఎంత దూరం పెట్టవచ్చో ఆ షాపువాళ్ళని చూసి నేర్చుకోవాలి. ఆవిడకి కావలసింది ఒక్కటే, నలుగురి మధ్యా కూర్చుని నవ్వడం.

ఈమధ్య ఒక డాక్టరమ్మ అసలు జబ్బేమిటో పట్టుకుంది. మెలకువకి ఒక మాత్ర, నవ్వితే కూలిపోకుండా ఇంకొకటి. జబ్బు పోదు, అదుపులో ఉంటుంది, సొంతంగా మానేయవద్దని మరీ మరీ చెప్పింది. మొదట్లో నోరు పిడచకట్టుకుపోయింది, ఆకలి చచ్చిపోయింది. అయినా బైండరక్క పట్టు వదల్లేదు. రెండు నెలలయ్యాక ఒక ఆదివారం, తన గదిలో గోడకి ఆనుకుని నిలబడి, ఫోనులో హాస్య నాటిక పెట్టుకుని కడుపుబ్బా నవ్వి చూసుకుంది. మోకాళ్ళు నిలిచాయి. ఆ ముక్క చెప్పుకోవడానికి గదిలో మనిషి లేక ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని అందరి మధ్యా కూర్చుంది.

"మందు పనిచేస్తోంది. ఏదైనా చెప్పవయ్యా మేస్త్రీ," అంది.

మేస్త్రి తల వంచుకున్నాడు. "వద్దక్కా. ఆ పాపం మళ్ళీ నాకొద్దు."

సరే, ఆవిడే లేచి నిలబడి మొదలుపెట్టింది. ఒకసారి నిద్రమత్తులో ఓ స్కూలు హాజరు రిజిస్టరుకి అట్ట తలకిందులుగా వేసేసిందట. పెద్దసారు ఏడాది పొడుగునా చివరి పేజీ నుంచి వెనక్కి సంతకాలు చేసుకుంటూ పోయాడట. ఏడాది తిరిగాక, ఈసారి కూడా అచ్చం అలాగే కుట్టమని మనిషిని పంపాడట.

చెబుతూ ఉండగానే ఆవిడకి నవ్వు తన్నుకొచ్చింది. నిటారుగా నిలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వుతూనే చుట్టూ చూసింది. ఒక్కరూ నవ్వడం లేదు. తింటున్నవి వదిలేసి, చేతులు చాచి, ఆవిడ మోకాళ్ళ వైపే చూస్తూ, పడిపోతే పట్టుకుందామని అందరూ కాచుకుని ఉన్నారు.