సాలవ్వ దోసిలి

పొద్దున్నే ఇంటికి నీళ్లు తెచ్చుకోకముందే గంగామణి బోరింగు కొట్టి, మొదటి బిందెను బస్సులు ఆగే చోటికి మోసుకుపోయేది. అక్కడి బండలో తాను చెక్కిన ఆడమనిషి దోసిట్లో ఆ నీళ్లు నింపేది. పిచ్చుకలు వచ్చి తాగేవి. అవి తాగడం చూశాకే ఇంటికి పోయి ఉలి, సుత్తె పట్టేది.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే తోవలో మాది చిన్న ఊరు. గంగామణి రోళ్లు, ఇసుర్రాళ్లు చెక్కి కామారెడ్డి అంగట్లో అమ్మేది. ముసలివాళ్ల ఇసుర్రాయి అరిగిందంటే తానే పోయి గంట్లు పెట్టి వచ్చేది, ఏమీ తీసుకునేది కాదు. ఎనభై ఆరులో ఊళ్లోకి పిండి గిర్నీ వచ్చి పని తగ్గింది. ఆ ఎండాకాలమంతా ఆ బండ దగ్గరే కూర్చుంది.

వానలు పడేనాటికి బండలోంచి ఒక స్త్రీ లేచింది. వంగిన నడుము, జారిన రొమ్ములు, సాగిన కడుపు, నోటి దగ్గర పట్టిన దోసిలి. ఆమె కొంగు పట్టుకొని ఒక చిన్నపిల్ల. పాదాలు మాత్రం చెక్కలేదు. చెట్టు వేళ్లు నేలలో కలిసినట్టు ఆమె మోకాళ్ల కింద బండలోనే కలిసిపోయి ఉంటుంది.

అది గంగామణి తల్లి సాలవ్వ. ఆ పిల్ల గంగామణే. మా రోడ్డుకు కంకర కొట్టిన కూలి సాలవ్వ. ఎండకు తాళలేనప్పుడు పటేలు ఇంటి భూమక్కను నీళ్లు అడిగేది. భూమక్క ఏనాడూ లేదనలేదు. అయితే గడప మీద నిలబడి పైనుంచి పోసేది. సాలవ్వ వంగి దోసిలి పట్టి తాగేది.

గంగామణి రోజూ నీళ్లు పోయడం చూసి జనం అది అభిషేకం అనుకున్నారు. ముందుగా భూమక్కే ఆ దోసిట్లో పసుపు, కుంకుమ వేసి మొక్కింది. తర్వాత కొబ్బరికాయలు, నూనె దీపాలు వచ్చాయి. నూనె తేలిన దోసిలికి పిచ్చుకలు రావడం మానేశాయి. దసరా ముందు భూమక్క కొడుకు నారాయణ పటేలు గుడికని ఇటుకలు దింపించాడు. రొమ్ములు కనబడకూడదని చీర చుట్టించాడు. ఆ చీర కింద పిల్ల కూడా కనబడకుండా పోయింది.

మర్నాడు పొద్దున గంగామణి బిందె దించి ఆ చీర లాగిపారేసింది. బస్సు కోసం నిలబడ్డ మేమంతా చూస్తున్నాం.

“అమ్మవారి చీర మీద చెయ్యేస్తవా?” అన్నాడు నారాయణ.

“అమ్మవారు కాదు పటేలా. మా అవ్వ.”

“నువ్వు చెక్కితే చెక్కినవు. ఇప్పుడు ఊరందరిది. గుడి అయినంక నీళ్లు పూజారి అయ్యగారు పోస్తడు. నువ్వు బయటికెల్లి దండం పెట్టుకో.”

మాతోపాటు బస్సు కోసం నిలబడ్డ బాలమల్లు నవ్వాడు. “దేవత బిడ్డవైతివి గంగామణీ, ఇంక రోళ్లెందుకు?”

“నవ్వు బాలమల్లూ. మీ అవ్వ గూడ గిట్లనే వంగి తాగింది. నువ్వు కొంగు పట్టుకొని పక్కన నిలబడ్డవు.”

బాలమల్లు తల దించుకున్నాడు.

దేవుడికి దీపం పెట్టకుండా మెతుకు ముట్టని మనిషిని నేను. అయినా ఆమె కోపంలో నాకు తప్పు కనబడలేదు.

“బతికినన్ని దినాలు ఒక్క ఇంట్ల చెంబు చేతికియ్యలే,” అంది గంగామణి. “రాయైనంక కొబ్బరికాయలా? ఇంక గుడి కట్టి నన్ను గూడ గడప బయటనే నిలబెడ్తరా?”

నారాయణ తల్లి వైపు తిరిగాడు. “నువ్వు మొదలుపెట్టిన పూజనే గదమ్మా. నువ్వే చెప్పు. ఆపమంటే ఆపుత.”

పూజ పళ్లెం పట్టుకొని నిలబడ్డ భూమక్క మెల్లగా అడిగింది. “నీళ్లు లేవని నేనెన్నడన్న అన్ననా బిడ్డా?”

“అనలే. బెల్లం ముక్క గూడ పెట్టినవు, మర్చిపోలే. గని పైకెల్లి పోసినవు.”

గంగామణి దోసిట్లోని పసుపు, నూనె తన కొంగుతోనే తుడిచింది.

“ఒక్కటి అడుగుత, కాదనకు భూమక్కా. రేపు పొద్దుగాల పళ్లెం తేకు. నువ్వు తాగే చెంబు తే. నీళ్లు నింపి మా అవ్వ చేతుల పెట్టు.”