బావ పడవ ఇంజను

కుట్టు మిషన్లు బాగుచేసే అతణ్ణి దర్జీలందరూ మెకానిక్ అనే పిలుస్తారు. బావ ఒక్కడే "నూనెడబ్బా" అంటాడు. చొక్కా జేబులో సన్నమూతి నూనెడబ్బా లేకుండా అతను గడప దాటి ఎరగడు. పెళ్లి ఫోటోలో కూడా ఆ జేబు ఉబ్బెత్తుగానే ఉంటుంది. ఎక్కడ ఏది కిర్రుమన్నా ఊరుకోలేడు. ఎవరింటికెళ్లినా ముందు వాళ్ల తలుపు బందుల్లో ఓ చుక్క వేశాకే కుర్చీలో కూర్చుంటాడు. మనిషి మంచివాడు. తన చేతుల మీద తనకున్న నమ్మకమే కాస్త ఎక్కువ.

బావ, అంటే అక్క మొగుడు, బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి మానేశాడు. మానేశాడనడం మర్యాద కోసం. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన సున్నా గీస్తే వంకాయ వచ్చేది. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, మూరెడు పొడవు బొమ్మ పడవ. బొమ్మంటే ఊరుకోడు. అందులో గుప్పిట్లో పట్టేంత అసలు సిసలు ఇంజనుంది. దానికి పిస్టనుంది, ప్లగ్గుంది, తల చుట్టూ నీళ్లు తిరిగే తొడుగుంది. పడవ పరిగెడుతుంటే వెనక రెక్కలు విసిరిన నీళ్లు సన్నటి గొట్టంలోంచి పైకెక్కి, ఇంజను వేడిని లాక్కుని, పక్కనున్న బెజ్జంలోంచి పిచికారీ కొట్టినట్టు బయటపడతాయి. సెలవు రోజున పార్కు కొలను దగ్గర దాని కూత వింటే తప్ప ఆయనకి వారం గడిచినట్టుండేది కాదు.

శుభ్రం చేద్దామని ఇంజను విప్పిన రోజుల్లోనే వణుకు ముదిరింది. విప్పింది విప్పినట్టే పళ్లెంలో ఉండిపోయింది. అక్క దాని మీద పాత తువ్వాలు కప్పి, ఇల్లు దులిపేటప్పుడు కూడా జోలికి పోయేది కాదు. డాక్టరు మందు మార్చినప్పుడల్లా ఈయన అడిగేది ఒకటే, "ఇప్పుడైనా మర తిప్పగలనా?" డాక్టరు నవ్వేసి ఊరుకునేవాడు.

చివరికి బావమరిదికి కబురు పెట్టాడు.

"ఒరేయ్ నూనెడబ్బా, నీ చేతులు కాస్త అరువిస్తావా? దాని కూత ఒక్కసారి వినాలనుందిరా."

గ్లాసుడు నీళ్లు కూడా ఒకరిని అడగని మనిషి అంత మాట అడిగేసరికి, ఇతను వెనకాముందు చూడకుండా "ఓస్, అంతేనా!" అనేశాడు.

కిటికీ పక్కన బల్ల మీద పని మొదలైంది. బావ కుర్చీలో కూర్చుని చెప్తాడు, ఇతను చేస్తాడు.

"మరలు వరసగా కాదు, ఎదురెదురుగా బిగించు. నీకు రాదని కాదు, నీకు తొందరెక్కువ."

"మా అక్కని చేసుకోవడానికి నువ్వు పడ్డ తొందరకంటేనా?"

"ఆ తొందరకి శిక్షే కదరా నువ్వు!"

"పని చూసుకోండి, మధ్యలో నా ఊసెందుకు?" అంది అక్క వంటింట్లోంచి.

మధ్యాహ్నం మందు వేసుకున్నాక బావ కుర్చీలోనే కునుకు తీశాడు. ఇతను ఆగొచ్చు. ఆగలేదు. ఆయన కళ్లు తెరిచేసరికి అంతా బిగించి చూపిద్దామనుకున్నాడు. పిస్టనుని అది పైకీ కిందకీ ఆడే స్లీవు గొట్టంలో కూర్చోబెట్టి, ఇంజను చక్రం తిప్పి చూశాడు. కింద సాఫీగానే ఉంది, పైకొచ్చేసరికి మొరాయించింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అక్కడే పట్టేసింది. కుట్టు మిషను అలా పట్టేస్తే ఎక్కడో తుప్పో మడ్డో ఉన్నట్టే లెక్క. చక్రమంటే చిటికెనవేలితో తిరగాలి. ఇన్నేళ్లూ అతను తిన్న తిండి ఆ ఒక్క సూత్రం మీదే. నూనె వేశాడు, వదల్లేదు. పిస్టను బయటికి తీసి, సన్నరకం గరుకు కాగితంతో దాని అంచు చుట్టూ రుద్దాడు. ఓపిగ్గా, ముద్దుగా రుద్దాడు. వేసి చూసి, తీసి మళ్లీ రుద్దాడు. చివరికి చక్రం గిర్రున తిరిగింది.

బావ లేచాడు.

"చూడు బావా! పట్టేస్తుంటే వదులు చేశా. ఇప్పుడు వేలు తగిలితే చాలు!"

బావ వణికే చేత్తో చక్రాన్ని తిప్పాడు. వెనక్కి తిప్పాడు. అంత వణికే చేతికి కూడా అది ఎక్కడా అడ్డు తగల్లేదు.

"ఎక్కడ పట్టేసింది?"

"పైన. చివరికంటా వచ్చినప్పుడు."

"దేంతో వదులు చేశావు?"

గరుకు కాగితం చూపించాడు. అప్పటికే మొహంలో నవ్వు సగం చచ్చింది.

"అక్కడ పట్టెయ్యాలిరా," అన్నాడు బావ మెల్లగా. "స్లీవు పైన కాస్త ఇరుకుగానే చేస్తారు. చల్లగా ఉంటే బిగుస్తుంది, వేడెక్కితే సర్దుకుంటుంది. ఆ బిగువు పోతే లోపల గాలి నొక్కుకోదు. నొక్కుకోకపోతే మండదు."

"కొత్త పిస్టను తెప్పిస్తా."

"స్లీవూ పిస్టనూ జంటగా చేస్తారు. చేసినవాళ్లు దుకాణం కట్టేసి చాలా కాలమైంది."

"నాకు తెలిసిన లేతు మిషను వాడున్నాడు బావా, వాడు..."

"ఒరేయ్," అన్నాడు బావ. అంతే. తిట్టలేదు. తిట్టుంటే ఇతను ఏదో ఒకటి ఎదురు చెప్పి ఊపిరి పీల్చుకునేవాడు. "సరే, బిగించు. చూద్దాం."

పెరట్లో స్టూలుకి ఇంజను బిగించారు. గోడ మీద బకెట్టు పెట్టి, గొట్టంతో తొడుగులోకి నీళ్లు దించారు. ఇంధనం పోసి, ప్లగ్గుకి బ్యాటరీ తగిలించి, చక్రం గాడిలో తాడు చుట్టి ఇతను లాగాడు. తుస్సుమంది. మళ్లీ లాగాడు. తొడుగులోంచి నీళ్లు మాత్రం చక్కగా కారుతున్నాయి. ఒకసారి టపటపమంది. బావ కుర్చీలోంచి సగం లేచాడు. అది ఆగిపోయింది. ఆయన అలా సగంలోనే కాసేపుండి, మెల్లగా కూర్చున్నాడు. ఆ తర్వాత అది కనీసం దగ్గు కూడా దగ్గలేదు.

"చాల్లేరా, అరచెయ్యి చూడు, ఎలా బొబ్బలెక్కిందో!" అంది అక్క గుమ్మంలోంచి.

"ఇంకొక్కసారక్కా."

లాగాడు. తుస్సు. తాడు వదిలేసి నేల మీద చతికిలబడ్డాడు. మిషను దగ్గర అలా చేతులెత్తేసి కూర్చోవడం అతనికి అలవాటు లేదు.

"ఏదైనా అను బావా."

"ఏమనమంటావు? నిద్రపోయింది నేనే కదరా."

బకెట్లోంచి నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి.

"ఆ గొట్టం పీకి, తొడుగులోకి ఊదు," అన్నాడు బావ. "నీళ్లుండిపోతే లోపల పాచి పడుతుంది."

"ఇంకెందుకు బావా?"

"నడిపాక ఊదాలి."

"నడవలేదుగా."

"నీళ్లెళ్లాయిగా. ఊదు."

అతను గొట్టం పెదాలకి ఆనించి ఊదాడు. అవతల నుంచి నాలుగు చుక్కలు చిందాయి, తర్వాత ఉత్త గాలి వచ్చింది.

"అయిందా?"

"ఇంకా ఉంటాయి," అన్నాడు బావ, ఇంజను వైపే చూస్తూ.

మళ్లీ ఊదాడు.