రెండు పిడికిళ్ల బూడిద

మా వీధికి చేపలు తెచ్చే అక్క గంప దించగానే "పాపా, పిడికెడు బూడిద తే" అనేది. అది చేతులకు రుద్దుకుంటే ఎంత జారే చేపయినా పట్టు తప్పేది కాదు. కత్తిపీట మీద తల దగ్గర గాటు పెట్టి, తోలు ఒక్క లాగుతో ఊడదీసేది.

నేను కొత్త కోడలిని. చేప కోయడం నాకూ వచ్చనిపించుకోవాలని, ఒకరోజు అక్క తెచ్చిన బతికున్న కొరమీనును బావిగట్టున శుభ్రంగా కడిగాను. అది కాస్తా జారి బావిలో పడింది.

"కొరమీనేదే?" అంటూ అత్తగారు వచ్చారు.

"నేనే బావిలో ఏసినానమ్మా, దోమపురుగులు తింటాదని" అంటూ అక్క గంపలోంచి ఇంకో చేప తీసింది.

ఆ తర్వాత ఎప్పుడొచ్చినా బావిలోకి తొంగి చూసి "బాగుండావా నాయనా?" అని పలకరించేది. బూడిద మాత్రం రెండు పిడికిళ్లు తెమ్మనేది. ఒకటి తనకు, ఒకటి నాకు.